నిజం చెప్పి చేసిన మోసం

ఎనిమిదేళ్ళ కిందట, ఒక అస్ర్ నమాజు తర్వాత, నల్లచెరువులో మా మసీదు అరుగు మీద కూర్చుని నేను చెప్పిన ఒక వాక్యం నన్ను నేటికీ వదలలేదు. అందులో ఉన్నవి మూడే మాటలు. మూడూ నిజాలే.

నన్ను ప్రశ్నించినవాడు ఒక ఆడపిల్ల తండ్రి. నాలుగెకరాల మెట్టలో వేరుశనగ పండించుకునే చిన్న రైతు. పెద్ద కూతురికి సంబంధం వచ్చింది. వరుడు బెంగళూరులో కారు నడుపుతాడు, మాకు దూరపు బంధువు. "భాయ్, ఆ ఇంటితో మీకు రాకపోకలున్నాయి. అబ్బాయికి తాగుడు అలవాటేమైనా ఉందా? మీ నోటితో ఒక్క మాట చెప్పండి, నాకు అది చాలు" అన్నాడాయన. ఆ అబ్బాయి తాగుతాడని నాకు ఇద్దరు చెప్పి ఉన్నారు. వారిలో ఒకరు స్వయానా అతని మేనమామ. కంటతడి పెట్టుకుని చెప్పాడు. అయినా నేను కళ్ళారా చూసింది లేదు. కనుక ఇలా అన్నాను: "నేను ఎన్నడూ చూడలేదు."

ఆ తండ్రి ముఖం ఒక్కసారిగా తేటపడింది. ఆ తేటదనాన్ని చూస్తూ కూడా నేను మరో మాట కలపలేదు. నిశ్చితార్థం జరిగింది, నికాహ్ జరిగింది, వలీమా భోజనం కూడా తిని వచ్చాను. రెండో ఏడు నిండకముందే ఆ అమ్మాయి చంకలో బిడ్డతో, మోచేతి మీద మానని గాయంతో పుట్టింటికి తిరిగి వచ్చింది.

నేను అబద్ధమాడానా? ఏ న్యాయస్థానంలో నిలబెట్టినా లేదనే చెప్పగలను. చాలా కాలం నాకు నేను చెప్పుకున్న సమాధానం కూడా అదే. పాము చావకుండా, కర్ర విరగకుండా మాట్లాడటాన్ని మన పల్లెల్లో లౌక్యమంటారు. అది తెలిసినవాడినే పెద్దమనిషిగా పిలుస్తారు. ఆ లౌక్యాన్ని ధర్మం ఏమని పిలుస్తుందో తెలుసుకోవాలని ఆ తర్వాతే గ్రంథాలు తెరిచాను. ముందే తెరిచి ఉంటే బాగుండేది.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన, సహీహ్ ముస్లింలో ఉన్న ఒక ప్రసిద్ధ హదీసు మనలో చాలామందికి తెలిసిందే. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అంగడిలో ఒక ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని ప్రశ్నించారు. వాన కురిసి తడిసిందని వర్తకుడు బదులిచ్చాడు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీసి, మోసగించేవాడు తనవాడు కాదని ప్రకటించారు. ఈ హదీసును ఎన్నో ఖుత్బాలలో విన్నాను గాని, ఒక సంగతి మాత్రం చాలా ఆలస్యంగా గమనించాను. ఆ వర్తకుడు చెప్పింది నిజం. వాన నిజంగానే కురిసింది. దైవప్రవక్త (స) ఆ మాటను ఖండించలేదు. పైనున్న ఎండు గింజలూ నిజమైనవే. ఆ రాశిలో కల్తీ గింజ ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా ఒక అమరిక. చూపరి కన్ను ఎక్కడ పడుతుందో తెలిసి చేసిన అమరిక.

వేరుశనగ పండే మన సీమలో ఈ హదీసుకు వ్యాఖ్యానం అక్కరలేదు. పైన గలగలలాడే శెనక్కాయలు, మూట అడుగున చెమ్మ. అడిగితే "నిన్న కూడా ఎండబెట్టాం" అన్న సమాధానం. నిన్న ఎండబెట్టిన మాట నిజమే. ఎత్తింది ఎండు దిగకముందే. ఆ చెమ్మతో కాయకు బూజు పడుతుంది, బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుందని కదిరి వేరుశనగ పరిశోధనా కేంద్రం చుట్టుపక్కల రైతులకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

అసలు నోరే విప్పకుండా చేసే మోసాన్ని కూడా షరీఅత్ వదిలిపెట్టలేదు. అమ్మకానికి ముందు ఒంటెనో గొర్రెనో రెండు మూడు రోజులు పితకకుండా ఉంచితే పొదుగు నిండుగా కనబడుతుంది. దీనిని 'తస్రియా' అంటారు. పొదుగులో ఉన్నవి నిజమైన పాలే. అమ్మేవాడు ఇన్ని పాలిస్తుందని ఒక్క మాటా అనలేదు. అయినా దైవప్రవక్త (స) దీనిని నిషేధించారు. కొన్నవాడికి మూడు దినాల గడువిచ్చి, ఇష్టం లేకపోతే పశువును తిప్పి ఇచ్చే హక్కు కల్పించారు. పితుక్కున్న పాలకు బదులుగా ఒక 'సా' కొలత ఖర్జూరాలు ఇమ్మన్నారు. నోటితో ఆడని అబద్ధానికి పొదుగే సాక్షి అయింది.

ఇక్కడ మన దేశపు చట్టాన్ని పక్కన పెట్టి చూడటం ఆసక్తికరంగా ఉంటుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ మోసాన్ని నిర్వచిస్తుంది. లోపాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చితే మోసమే గాని, మాట్లాడవలసిన బాధ్యత లేని చోట ఊరకే మౌనంగా ఉండటం మోసం కాదంటుంది. ఉదాహరణకు ఒక గుర్రాన్ని తీసుకుంది. గుర్రానికి జబ్బుందని తెలిసినవాడు వేలంలో అమ్ముతూ ఏమీ చెప్పకపోతే అది మోసం కాదు. అదే గుర్రాన్ని అప్పుడే యుక్తవయసు వచ్చిన కన్నకూతురికి అమ్మితే, చెప్పి తీరవలసిన బాధ్యత ఆ తండ్రికి ఉంటుంది. కొనేవాడు "మీరు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అన్న తర్వాత కూడా మౌనం వహిస్తే, ఆ మౌనం మాటతో సమానం. ఎంత సూక్ష్మమైన చూపో గమనించండి. అయితే కూతురికి మాత్రమే ఇచ్చిన ఆ రక్షణను మన ధర్మం అంగడిలో నిలబడ్డ ప్రతి మనిషికీ ఇచ్చింది. లోపమున్న సరుకును ఆ లోపం వివరించకుండా సోదరునికి అమ్మడం ధర్మసమ్మతం కాదని హజ్రత్ ఉక్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖనం ఇబ్నె మాజాలో ఉంది.

ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ప్రస్తావించిన ఒక సంఘటన నన్ను బాగా కదిలించింది. ఒక వ్యక్తి 300 దిర్‌హములకు ఒంటెను అమ్మాడు. కొన్నవాడు దానిని తోలుకుని పోతున్నాడు. అక్కడున్న సహాబీ హజ్రత్ వాసిలా బిన్ అస్కా (రజి) కాస్త ఆలస్యంగా తేరుకుని, అతని వెంట పరుగెత్తి ఒక ప్రశ్న వేశారు: దీనిని మాంసానికి కొన్నావా, ప్రయాణానికి కొన్నావా? ప్రయాణానికే అన్నాడతను. అయితే దీని పాదంలో చిల్లు ఉంది, దూరం నడవలేదు అని వాసిలా (రజి) చెప్పేశారు. అతను వెనక్కి తిరిగి వచ్చాడు. అమ్మినవాడు 100 దిర్‌హములు తగ్గించవలసి వచ్చింది. నా బేరం చెడగొట్టావని అతను నిష్ఠూరమాడితే, ప్రతి ముస్లిం మేలు కోరతామని దైవప్రవక్త (స)కు ఇచ్చిన మాటను వాసిలా (రజి) గుర్తుచేశారు.

ఆ ప్రశ్నను మరొకసారి చూడండి. మాంసానికా, ప్రయాణానికా? ఒంటె బలిష్ఠంగా ఉందన్న మాట మాంసం కోసం కొనేవాడికి సంపూర్ణ సత్యం. హజ్‌కు బయలుదేరేవాడికి అదే మాట ఉరి. ఒక వాక్యం నిజమా కాదా అని తేల్చడానికి వాక్యాన్ని ఒక్కదాన్నే తూకంలో వేస్తే సరిపోదు. వింటున్నవాడు దాన్ని ఏ పనికి వాడుకోబోతున్నాడో కూడా చూడాలి. నన్ను అడిగిన తండ్రి నా కంటిచూపు గురించి విచారించడానికి రాలేదు.

మన జిల్లాలోనే, పెళ్ళి పట్టుచీర కొనడానికి ధర్మవరం వెళ్ళే కుటుంబాలు ఇలాంటి సత్యాలను ఎన్ని వింటాయో! ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1985 నాటి చట్టం కొన్ని రకాల చీరలను చేనేతకే ప్రత్యేకించింది. అయినా మరమగ్గం చీర చేనేత చీర పక్కనే చేరి, దాని ధరకు అమ్ముడుపోతోందని నేతన్నలు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. ఆ అమ్మకంలో అబద్ధం ఎక్కడుందో పట్టుకోవడం కష్టం. "ధర్మవరం నుంచే తెచ్చామమ్మా" అంటాడు అమ్మేవాడు. తెచ్చింది ధర్మవరం నుంచే; నేసింది ఎక్కడో ఆయన చెప్పలేదు. "చేనేతేనా?" అని అడిగితే సిల్క్ మార్క్ చీటీ చూపిస్తాడు. కేంద్ర పట్టు మండలి ప్రోత్సాహంతో 2004లో వచ్చిన ఆ చీటీ నిజమైనదే కావచ్చు. కాని అది చెప్పేది ఇది స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే. చేతిమగ్గమా మరమగ్గమా అన్నది దాని పరిధిలోకి రాదు. చేనేతకు వేరుగా 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది. అడిగిన ప్రశ్న ఒకటి, చూపిన సాక్ష్యం మరొకటి. రెండింటి మధ్య ఖాళీని కొనేవారి నమ్మకమే పూడుస్తుంది.

"ఆర్ట్ సిల్క్" అన్న మాట మరీ విడ్డూరం. ఆర్ట్ అంటే కళ అనుకుని మా నానీ ఒకసారి ముచ్చటపడి కొన్నది. అక్కడ ఆర్ట్ అన్నది ఆర్టిఫిషియల్‌కు పొట్టిరూపం, అంటే కృత్రిమ పట్టు. "టెస్టెడ్ జరీ" అంటే పరీక్షలో నెగ్గిన జరీ అని పెళ్ళివారు భావిస్తారు. అది రాగి తీగకు పూత పూసిన తక్కువ రకానికి వ్యాపారంలో ఉన్న పేరు. పేరు పెట్టినవాడు అబద్ధమాడలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిన ప్రకటనను కూడా తప్పుదోవ పట్టించే ప్రకటన కిందనే లెక్కించింది. ఆ మేరకు చట్టం తడిసిన ధాన్యపు రాశి దగ్గరకు వచ్చి నిలబడినట్టే.

పాఠకులు ఇక్కడ ఒక సందేహం వెలిబుచ్చవచ్చు. మన చరిత్రలో మహనీయులే ద్వంద్వార్థంతో మాట్లాడిన సందర్భాలు లేవా? ఉన్నాయి. హిజ్రత్ ప్రయాణంలో, ముందున్న ఈ వ్యక్తి ఎవరని దారిలో ఎదురైనవారు అడిగితే, నాకు దారి చూపేవారు అన్నారు హజ్రత్ అబూబక్ర్ (రజి). విన్నవారు బాటసారికి దారి చూపే మనిషి అనుకున్నారు. ఆయన ఉద్దేశించింది మేలు మార్గం. వెంటాడుతున్న శత్రువు నుంచి ఒక ప్రాణాన్ని, ఆ ప్రాణంతో ముడిపడిన సందేశాన్ని కాపాడిన మాట అది. అడిగినవారికి ఆ సమాచారం మీద హక్కూ లేదు, దానివల్ల వారికి జరిగిన నష్టమూ లేదు. ఒక వృద్ధురాలితో, ముసలివారు స్వర్గంలో ప్రవేశించరని దైవప్రవక్త (స) పరిహాసమాడిన ఉల్లేఖనం ఉంది. ఆమె కంటనీరు పెట్టుకోగానే, యౌవనంతో ప్రవేశిస్తావని తెలియజేయించారు. ముడి వేసిన చేయే వెంటనే విప్పింది.

హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) వృత్తాంతం ఇంకా లోతైనది. బిడ్డ మరణించిన రాత్రి, అలసి ఇంటికి చేరిన భర్త అబూ తల్హా (రజి) పిల్లవాడెలా ఉన్నాడని అడిగితే, ఇంతకుముందు కంటే నిమ్మళంగా ఉన్నాడని బదులిచ్చారామె. భర్త భోంచేసి విశ్రమించాక గాని అసలు విషయం తెలుపలేదు. ఇది కరుణతో చేసినది. ఆ దంపతులకు శుభం కలగాలని దైవప్రవక్త (స) ప్రార్థించారు. అయితే తనకు ముందే చెప్పలేదని అబూ తల్హా (రజి) ఆ రాత్రి ఆగ్రహించారని కూడా సహీహ్ ముస్లింలో ఉంది. కరుణతో దాచిన చోట కూడా దాపరికం కాస్త నొప్పిని మిగిల్చే వెళుతుందని నాకనిపిస్తుంది.

ఇలాంటి మాటలను పండితులు 'తౌరియా' అన్నారు. ఇమామ్ నవవీ (రహ్మ) 'అల్ అజ్కార్'లో దీని హద్దును స్పష్టంగా గీశారు: ధర్మబద్ధమైన ప్రయోజనముంటే తప్పులేదు, అవసరం లేకుండా వాడటం మంచిది కాదు, దానితో ఒకరి హక్కును కాలరాసినా, అన్యాయమైనది పొందినా అది హరామ్. ఇక ప్రమాణం చేసి చెప్పే సందర్భంలోనైతే తప్పించుకునే దారే లేదు. ప్రమాణం చేయించుకునేవాడు ఏ అర్థంలో నమ్ముతాడో ఆ అర్థానికే నీ ప్రమాణం వర్తిస్తుందన్నది సహీహ్ ముస్లింలోని హదీసు భావం. మనసులో వేరే అర్థం దాచుకున్నానంటే చెల్లదు.

మన హదీసు విద్వాంసులు ఈ విషయంలో ఎంత కఠినంగా ఉన్నారో చెప్పకుండా ముందుకు పోలేను. ఒక ఉల్లేఖకుడు తాను నేరుగా వినని హదీసును "ఫలానావారి నుంచి" అని చెప్పేవాడనుకోండి. నేను విన్నానని అనలేదు. ఫలానావారి నుంచి వచ్చిన మాట అదే కావచ్చు. మధ్యలో ఉన్న బలహీనుడైన మరో మనిషి పేరు మాత్రం జారవిడిచాడు. దీనిని 'తద్లీస్' అన్నారు. సరుకులో లోపాన్ని కప్పిపుచ్చడానికీ ఇదే పదం. ఇమామ్ షూబా (రహ్మ) తద్లీస్‌ను అబద్ధానికి సోదరునిగా భావించారు. హాఫిజ్ ఇబ్నె హజర్ అస్కలానీ (రహ్మ) ఇలాంటి ఉల్లేఖకులను ఐదు తరగతులుగా విభజించి ఒక గ్రంథమే రాశారు. అలవాటుగా తద్లీస్ చేసేవాడు "విన్నాను" అని స్పష్టంగా చెబితే తప్ప అతని మాట స్వీకరించరు. విన్నదానికీ కన్నదానికీ మధ్య తేడాను కాపాడటానికి ఒక శాస్త్రమే నిర్మించుకున్న సముదాయం మనది. అదే తేడాను నేను ఆ అరుగు మీద డాలుగా పట్టుకున్నాను.

మహాభారతంలో ధర్మరాజు ఏనుగు మరణాన్ని అడ్డుపెట్టుకుని ద్రోణుని చేత ఆయుధాలు వదిలించిన కథ మన ఊళ్ళలో అందరికీ తెలుసు. నేలకు తగలకుండా నడిచే అతని రథం ఆ మాటతో నేలకు దిగిందంటారు. పొరుగింటి కథే అయినా, ఆ రథం దిగడం నాకు బాగా అర్థమవుతుంది.

పెళ్ళి సంబంధాల దగ్గర మనం చెప్పుకునే నిజాలను ఎప్పుడైనా లెక్కపెట్టారా? "అబ్బాయి డిగ్రీ చదివాడు." చదివాడు, ఉత్తీర్ణుడయ్యాడని ఎవరన్నారు? "కువైట్‌లో కంపెనీలో ఉన్నాడు." "ఇల్లు సొంతం." నలుగురు అన్నదమ్ములకు కలిపి సొంతం. "మాకు కట్నమేమీ వద్దు, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటే అదే." ఆడపిల్లవారు కూడా తక్కువ తినలేదు. "అమ్మాయి ఇప్పుడు మందులేమీ వాడటం లేదు" అంటారు. ఆపింది పెళ్ళిచూపుల ముందు వారం. ఇన్ని నిజాల మధ్య కుదిరిన సంబంధానికి నికాహ్ ఖుత్బాలో ఏ ఆయతులు పఠిస్తారో గుర్తుందా? అహ్‌జాబ్ సూరాలోని 70వ ఆయతు వాటిలో ఒకటి. విశ్వాసులను సూటిగా, సరిగా మాట్లాడమని ఆదేశించే ఆయతు అది. 'ఖౌలన్ సదీదా' అని ఖాజీ సాబ్ చదువుతుండగా రెండు వైపుల పెద్దలమూ తలలు వంచుకుని కూర్చుంటాం. ఆ రోజు నేనూ అలాగే కూర్చున్నాను.

నాకు నేను చెప్పుకున్న మరో సాకు గీబత్. ఒకరి చాటున అతని లోపం చెప్పడం పాపం కదా అని. దీనికి కూడా సమాధానం ఉంది. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు సంబంధాల గురించి దైవప్రవక్త (స)ను సంప్రదించారు. ఆయన (స) దాపరికం లేకుండా చెప్పారు: ముఆవియా పేదవాడు, చేతిలో ధనం లేదు, అబూ జహ్మ్ భుజం మీది నుంచి కర్ర దించడు. ఉసామాను వివాహమాడమని సలహా ఇచ్చారు. ఇద్దరూ గౌరవనీయులైన సహాబీలే. అయినా ఒక స్త్రీ తన జీవితం గురించి అడిగినప్పుడు సౌమ్యపు మాటల చాటున ఆమెను వదలలేదు. పెళ్ళి విషయంలో సలహా అడిగినవారికి ఉన్నది చెప్పడం, గీబత్‌కు అనుమతి ఉన్న ఆరు సందర్భాలలో చేరుతుందని 'రియాజుస్సాలిహీన్'లో ఇమామ్ నవవీ (రహ్మ) రాశారు. ఆ పుస్తకం నా అలమరలో ఆనాడు కూడా ఉంది.

నేను చేయవలసిందల్లా మరొక వాక్యం చెప్పడం. "నేను చూడలేదు, కాని ఇద్దరి దగ్గర విన్నాను, వాళ్ళను కూడా అడిగి చూడండి." అంతే. అది ఎవరిపైనా తీర్పు కాదు. ఆ తండ్రి వెళ్ళి అడిగేవాడు, తేల్చుకునేవాడు.

సోదరునికి చేసిన అన్యాయాన్ని దీనారు, దిర్‌హము పనికిరాని దినం రాకముందే పరిష్కరించుకోవాలన్న హదీసు బుఖారీలో ఉంది. ఒక రమజాను నెలలో ఆయన ఇంటికి వెళ్ళి, ఆనాడు నాకు తెలిసిందేమిటో, చెప్పిందేమిటో విడమరిచి చెప్పి క్షమాపణ కోరాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "మీరు చూడలేదన్నది నిజమే కదా భాయ్" అన్నాడు చివరికి. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది. లోపలి నుంచి ఆయన భార్య మాత్రం, "మాఫీ మమ్మల్ని అడిగితే ఏం లాభం భాయ్‌సాబ్, అమ్మాయిని అడగండి" అన్నది. పక్క గదిలో కుట్టుమిషను ఆగింది. తలుపు చాటు నుంచి ఆ అమ్మాయి, "అల్లాహ్ మాఫ్ చేస్తాడు మామూ" అన్నది. మిషను మళ్ళీ మొదలైంది.

పోయిన ఏడాది ఆయన రెండో కూతురికి సంబంధం వచ్చింది. వరుడిది మా మసీదులో నాతో ఒకే వరుసలో నిలబడే కుటుంబం. ఆయన మళ్ళీ నా దగ్గరకే వచ్చాడు. వస్తాడని నేను అనుకోలేదు. అదే అరుగు మీద కూర్చుని, "ఈసారి మీరు చూసిందేమిటని అడగను. మీకు తెలిసిందంతా చెప్పండి" అన్నాడు.

చెప్పాను. చూసింది చూసినట్టు, విన్నది ఎవరి వద్ద విన్నానో, తెలియనిది తెలియదని. అబ్బాయి మంచివాడే, కష్టపడతాడు. ఇంటి మీద ఉన్న అప్పు సంగతి కూడా చెప్పాను. ఆయన వెళ్ళి విచారించుకున్నాడు. సంబంధం కుదరలేదు. అబ్బాయి తండ్రి ఇప్పటికీ నా సలాముకు జవాబిస్తాడు గాని, చెప్పులు తొడుక్కుని నాకంటే ముందే మసీదు మెట్లు దిగి వెళ్ళిపోతాడు.